గమ్ఛా కింద పడేలోపు

కెమెరాల కొట్టులో పనిచేశానంటే జనం నన్ను ఫొటోగ్రాఫరనుకుంటారు. మా రైల్వే కాలనీలో ఏ పెళ్లికి వెళ్లినా ఎవరో ఒకరు "కెమెరా తేలేదేటి పైడమ్మా" అని అడుగుతూనే ఉంటారు. నేను ఫొటోలు తీసినదాన్ని కాదు, తీసేవాళ్లకు కెమెరాలు అమ్మినదాన్ని. ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో ఒక పక్క బట్టల కొట్లు, ఇంకో పక్క చేపల వరస ఉన్న సందులో, నా ఉద్యోగమంతా ఒకే కౌంటర్ వెనక నిలబడి చేశాను.

ఈమధ్య పని మానేశాక మా కొట్టు చిన్నబాబు ప్రబీర్ మా ఇంటికొచ్చాడు. కౌంటర్లో కొత్తగా ఇద్దరమ్మాయిలు చేరారట. వాళ్లకు పనికొచ్చేలా నాకు తెలిసింది రాసి పెట్టమన్నాడు. కెమెరాల సంగతి ఆ పిల్లలకు నాకంటే ఎక్కువే తెలుసు, ఫోన్లో అంతా దొరుకుతుంది. కాబట్టి ఫోన్లో దొరకనిదే రాస్తాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు శాలువా కప్పారు వంటివి ఇందులో ఉండవు. అమ్మాయిలూ, విసుగొస్తే మధ్యలో ఆపి టీ తాగి రండి, నేనేమీ అనుకోను.

పెద్దబాబు

నన్ను పనిలో పెట్టుకున్నది ప్రబీర్ తండ్రి. బజారంతా ఆయన్ని పెద్దబాబు అనేది. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి తాతల కాలంలో వచ్చినవాళ్లం. అప్పట్లో గోల్‌బజార్ కౌంటర్ల వెనక ఆడవాళ్లు కనిపించేవాళ్లు కాదు. పెద్దబాబు లెక్క వేరు. ఊళ్లో తెలుగు ఫొటోగ్రాఫర్లు బోలెడంత మంది, వాళ్లు కొట్టుకొచ్చి బెంగాలీలో బేరమాడలేక తిరిగి వెళ్లిపోతున్నారు. తెలుగూ బెంగాలీ హిందీ మూడూ మాట్లాడే మనిషి కావాలి, ఆడా మగా అన్నది ఆయనకు పట్టలేదు. మా వీధికి మాత్రం చాలాకాలం అదే కబురు. మా అమ్మ ఆ కబుర్లన్నిటికీ ఒకటే జవాబు చెప్పేది: "మా పిల్ల కెమెరాలమ్ముతాది. మీ కొంపల్లో సంగతులు అమ్మదు." ఆ తర్వాత మా గుమ్మం దగ్గర ఎవరూ ఆ మాటెత్తలేదు.

పెద్దబాబు కౌంటర్ వెనక కుర్చీ వేయనిచ్చేవాడు కాదు. మనం కూర్చుంటే కొట్టు కూడా కూర్చుంటుందని ఆయన నమ్మకం. నా మోకాళ్లు ఇప్పటికీ ఆయన్ని తిట్టుకుంటున్నాయి. మీకు ఎత్తు బల్లలు వేయించమని ప్రబీర్‌తో చెప్పాను, వేయిస్తానన్నాడు. వేయించకపోతే అడగండి, మొహమాటపడకండి.

ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం ఇది. వచ్చిన మనిషిని "ఎంతలో కావాలి" అని అడగకూడదు, "దేన్ని తీస్తావు" అని అడగాలి. ఎంతలో అని అడిగామా, మనిషి వెంటనే తన జేబు తడుముకుంటాడు, తడుముకున్నవాడు సిగ్గుపడతాడు, సిగ్గుపడ్డవాడు అబద్ధం చెప్తాడు. దేన్ని తీస్తావంటే మాత్రం మొహం వికసిస్తుంది. మేనకోడలి అన్నప్రాసనంటాడు, చెరువు మీద వాలే కొంగలంటాడు. ఆ కబురు పూర్తిగా వింటే ఏ కెమెరా ఇవ్వాలో అతనే చెప్పేసినట్టు.

రెండోది గమ్ఛా. అంటే మన తువ్వాలే, ఎర్ర గళ్ల బెంగాలీ తువ్వాలు. మా కౌంటర్ కింద ఎప్పుడూ ఒకటి ఉతికి మడతపెట్టి ఉండేది. పెళ్లి ఫొటోగ్రాఫర్ ఎవరు కెమెరా కొన్నా, పెట్టె కట్టేముందు పెద్దబాబు ఆ గమ్ఛా తీసేవాడు. ఒకరి మొహానికి అడ్డంగా పట్టుకుని, చెప్పాపెట్టకుండా వదిలేవాడు. అది కింద పడేలోపు కొన్నవాడు నొక్కాలి, ఆ మనిషి కళ్లు ఫొటోలో స్పష్టంగా పడాలి. పడకపోతే ఇంకో కెమెరా, లేదా ఇంకోసారి. కెమెరాకీ కొన్నవాడి వేలికీ పొత్తు కుదిరిందో లేదో ఆ ఒక్క దెబ్బతో తేలిపోయేది.

ఇది ఆయన ఊరికే కనిపెట్టిన ఆట కాదు. బెంగాలీ పెళ్లిలో పెళ్లికూతురు రెండు తమలపాకులతో మొహం కప్పుకుని వస్తుంది, ఆకులు తీసి పెళ్లికొడుకుని చూస్తుంది. దాన్ని శుభదృష్టి అంటారు. మన పెళ్లిలో అడ్డుతెర దించి జీలకర్ర బెల్లం వేళ ఒకరినొకరు చూసుకుంటారు. ఈ ఊళ్లో పెళ్లి ఫొటోగ్రాఫర్ అన్నవాడికి రెండు పెళ్లిళ్లూ వస్తాయి. రెండింట్లోనూ అసలు ఫొటో ఒక్కటే, అది రెప్పపాటులో అయిపోతుంది. మళ్లీ ఆకులు కప్పుకో తల్లీ అని అడగలేం.

పెద్దబాబు తప్పు కూడా చెప్పాలి, లేకపోతే దేవుణ్ణి చేసినట్టవుతుంది. ఫిల్ము రోజులు పోయాయని ఆయన ఒప్పుకోలేదు. ఊరంతా కొత్త కెమెరాలు పట్టుకుని తిరుగుతుంటే ఆయన అలమార నిండా ఫిల్ము రీళ్లు తెప్పించి పెట్టాడు. వద్దని చెప్పినవాళ్లతో మాటలు మానేశాడు, వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ రీళ్లు అక్కడే ముసలివైపోయాయి. పనిలో ప్రేమ ఉండటం మంచిదే, అది కళ్లకు గంతలు కడితే మాత్రం మనల్ని కాపాడేవాళ్లుండరు.

రేటు కలపడమనే పిచ్చి

పెద్దబాబు పోయాక కొట్టు ప్రబీర్ చేతికొచ్చింది. కుర్రాడు మంచివాడు, తండ్రిలాగే మొండివాడు, కాకపోతే భయస్థుడు. అదే సమయంలో మలంచ రోడ్డులో ఏసీ షోరూము ఒకటి తెరిచారు. టీవీలు, ఫ్రిజ్‌లు, వాటి పక్కన ఒక గోడంతా కెమెరాలు. బయట పెద్ద బోర్డు: ఎక్కడ ఏ రేటు చూపించినా అంతకే ఇస్తామని. రేటు కలపడమంటే అదే. వారం తిరక్కుండా ప్రబీర్ కూడా మా కొట్టు ముందు అలాంటి బోర్డే కట్టాడు, వాళ్ల బోర్డు కంటే కొంచెం పెద్దది. తాడిని తన్నేవాడుంటే వాడి తలని తన్నేవాడుంటాడన్న సంగతి బోర్డు రాయించేటప్పుడు గుర్తుండదు.

ఇక రోజూ ఫోన్లు మొహాన పెట్టేవాళ్లే. అమ్మాయిలూ, ఇక్కడ శ్రద్ధగా వినండి. ఎవరైనా రేటు చూపిస్తే ముందు కోప్పడకండి, వాళ్లు మోసగాళ్లు కాదు. ఆ రేటు దేనికో చూడండి. మీరూ వాళ్లూ ఒకే వస్తువు గురించి మాట్లాడుతున్నారా అన్నదే మొదటి ప్రశ్న. ఒకసారి ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీ క్యాంపస్‌లో చదువుకునే వరంగల్ అబ్బాయి, నరేశ్ అని, వచ్చాడు. నా తెలుగు విని నవ్వాడు, నేనూ అతని తెలుగు విని నవ్వాను, లెక్క సరిపోయింది. "అక్కా, ఆన్‌లైన్ల గింత తక్కువున్నది, మీరెట్ల గంత చెప్తున్రు" అన్నాడు. ఫోన్ తీసుకుని కింద దాకా చూశాను. అది లెన్సు లేని కెమెరా రేటు. అది కొంటే పెట్టె విప్పి దండం పెట్టుకోవడమే, ఫొటో రాదు. అదే చెప్పాను. తర్వాత దేన్ని తీస్తావని అడిగాను. తన స్నేహితులు వేసే నాటకాలట. చీకటి స్టేజీ. దానికి అతను అడిగిన కొత్త మోడల్ కంటే మా దగ్గరున్న కిందటేడు మోడలే మేలు, రేటూ తక్కువే. గమ్ఛా వేసి చూపించి అదే ఇచ్చాను.

అతను వెళ్లాక ప్రబీర్ నా మీద లేచాడు. పెద్దది అడిగినవాడికి చిన్నది ఎందుకమ్మావని. నేను అమ్మింది కెమెరా కాదు నాయనా, అతను మళ్లీ ఈ మెట్లెక్కే కారణం అమ్మానని చెప్పాను. ఆ మాట అప్పుడు అతని తలకెక్కలేదు.

రేటు కలపడంలో నా అభిప్రాయం దాచుకోను. వస్తువు ఒకటే అయి, కలపగలిగితే నవ్వుతూ కలపండి. కలపలేకపోతే "అక్కడే కొనుక్కోండి" అని అంతే నవ్వుతూ చెప్పండి. మధ్యలో నసగడం, లోపలికెళ్లి ఎవరినో అడిగినట్టు నటించడం, పోనీ సంచి ఉచితంగా ఇస్తానని బతిమాలడం, ఇవన్నీ మన పరువునీ వాళ్ల టైమునీ తినేస్తాయి.

పూజ దాకా గడువు

బోర్డు కట్టిన ఫలితం ఏమైందంటే, జనం మా దగ్గరకొచ్చి కెమెరాలు చేత్తో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, నా చేత అన్నీ చెప్పించుకుని, మలంచ రోడ్డుకు పోయి కొనేవాళ్లు. ప్రబీర్‌కి కడుపు మండింది. అద్దాల అలమారకు తాళం వేశాడు. కొనేవాళ్లకే చూపిస్తామని కాగితం అంటించాడు. చేపల వరసలో కూడా మొప్ప ఎత్తి చూడనిస్తారు, మేము కెమెరా ముట్టుకోనివ్వలేదు. దాంతో చూసేవాళ్లు కూడా రావడం మానేశారు.

ఒకరోజు వర్క్‌షాపు సైరన్ మోగాక, బజారు కాస్త పలచబడ్డప్పుడు, ప్రబీర్ నా పక్కన వచ్చి నిలబడ్డాడు. అతను నిలబడ్డ తీరు చూసే ఏదో ఉందనుకున్నాను. దుర్గాపూజ దాకా చూస్తానన్నాడు. అప్పటికీ ఇలాగే ఉంటే కెమెరాల కౌంటర్ తీసేసి ఫోన్ కవర్లూ ఛార్జర్లూ పెడతానన్నాడు. నీకు లోటు రానివ్వను దీదీ అని కూడా అన్నాడు. ఆ చివరి మాటే నన్ను ఎక్కువ గుచ్చింది. తండ్రి పెట్టిన కౌంటర్, నా బతుకంతా నిలబడ్డ చోటు, దాని మీద రంగురంగుల కవర్లు వేలాడదీస్తారట. ఆ కోపంలో ఇంటికెళ్లి వంకాయ కూరలో రెండుసార్లు ఉప్పు వేశాను.

మర్నాడు పొద్దున్నే వెళ్లి ఒకటే అడిగాను. పూజ దాకా కౌంటర్ నాకు వదిలెయ్, నా పద్ధతిలో చేసుకుంటాను. ఓడితే నేనే కవర్లు వేలాడదీస్తాను. ప్రబీర్ తాళంచెవి నా చేతిలో పెట్టాడు. నేను అద్దాలు తెరిచాను, కాగితం చింపేశాను. ఆ పైన చేసిన పని చూసి బజారంతా నాకు మతి పోయిందనుకుంది. షోరూములో రేటు నిజంగానే తక్కువున్న ప్రతి కెమెరాకీ, వచ్చినవాళ్లను నేనే అక్కడికి పంపడం మొదలుపెట్టాను. "అక్కడే తీసుకోండి. తీసుకున్నాక పెట్టెతో సహా ఇటు పట్టుకురండి, గమ్ఛా మేము వేస్తాం" అని చెప్పేదాన్ని. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. వెళ్లినవాళ్లలో తిరిగొచ్చినవాళ్లు మొదట్లో తక్కువే. ఈలోగా ఫోన్ కవర్లమ్మే మనిషి ఒకడు వచ్చి గోడలు కొలుచుకుని పోయాడు.

అప్పలరాజు కెమెరా

మా తెలుగు కాలనీల్లో పెళ్లి ఫొటోలంటే అప్పలరాజే. నాకంటే చిన్నవాడు, నన్ను అప్పా అంటాడు, మా వైపు అక్కని అలాగే పిలుస్తాం. ఎన్నో ఏళ్లు మా కొట్టు కెమెరాతోనే పనిచేశాడు. ఆ వేసవిలో మాత్రం షోరూములో కొత్తది కొన్నాడు. మనుషుల కళ్లను తనంతట తానే వెతికి పట్టుకునే కెమెరా అది. నాకు మొహం చూపించలేక మా సందులోంచి రావడం మానేసి, చుట్టూ తిరిగి వెళ్లేవాడు. నాకు తెలుసు, నవ్వుకునేదాన్ని.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం ఆ కెమెరా సంచి కౌంటర్ మీద పెట్టి నిలబడ్డాడు. గడ్డం పెరిగి ఉంది. మొదటి తెలుగు పెళ్లిలోనే అడ్డుతెర ఫొటో పోయిందట. ఆషాఢంలో మనకు పెళ్లిళ్లుండవు, బెంగాలీలకుంటాయి. నెలంతా వాళ్ల పెళ్లిళ్లు చేశాడు, ప్రతి శుభదృష్టీ అద్దంలా వచ్చింది. శ్రావణం రాగానే మనవాళ్ల పెళ్లిలో దెబ్బ తగిలింది. షోరూముకెళ్తే కెమెరాలో లోపముంటే కోల్‌కతా పంపాలి, ఎన్నాళ్లవుతుందో చెప్పలేమన్నారట.

"అప్పా, పెళ్లికూతురు మొకం మసగ్గా వచ్చినాది. తెర గుడ్డ మీద పువ్వులు మాత్రం లెక్కెట్టీవొచ్చు. ఆల నాన్న ఆ ఫొటో నాకే సూపించి, ఇదేటిరా అని అడిగినాడు."

ఆదివారం ఇంకో పెళ్లి ఉంది. వాళ్లకూ కబురందింది. విశాఖ నుంచి ఎవరినైనా పిలుద్దామా అని ఇంట్లో అనుకుంటున్నారు. "ఇది కూడా పోతే ఇంక నాను కెమెరా ముట్టను అప్పా. ఇండస్ట్రియల్ పార్కుల గేటు కాడ వాచ్‌మేన్‌గా నిలబడతాను" అన్నాడు. ఇరవై పెళ్లిళ్లు బాగా తీసినా ఒకటి పోతే ఆ ఒకటే ఊళ్లో నిలిచిపోతుంది. నాకు అతని మీద కోపం రాలేదు. చుట్టూ తిరిగి వెళ్లినవాడు సూటిగా మా కౌంటర్‌కే వచ్చాడు కదా.

గమ్ఛా తీశాను. పట్టుకోవడానికి మనిషి కావాలి. ప్రబీర్ తప్ప ఎవరూ లేరు. అవతలి కొట్టు పెట్టె మన కౌంటర్ మీద పెట్టుకుని మనం చాకిరీ చేయాలా అని మొహం ముడుచుకున్నాడు, అయినా వచ్చి పట్టుకున్నాడు. నా మొహానికి ఆనించినట్టుగా గమ్ఛా ఎత్తి వదిలాడు. అప్పలరాజు నొక్కాడు. చూస్తే నా కళ్లు, నా ముక్కుపుడక, అన్నీ చక్కగా ఉన్నాయి. మళ్లీ వేశాం. మళ్లీ చక్కగా వచ్చింది. ఎన్నిసార్లు వేసినా అంతే. పరీక్షలో గెలిచే కెమెరా పెళ్లిలో ఎందుకు ఓడిపోయిందో నాకు అంతుపట్టలేదు. అప్పలరాజు మొహం ఇంకా వాడిపోయింది. కెమెరా మంచిదైతే తప్పు తనదే కదా.

ప్రబీర్‌కి విసుగొచ్చింది. ఇక చాలు దీదీ అంటూ, గమ్ఛా చేతుల్లో అలాగే పట్టుకుని నా దగ్గర నుంచి ఒక అడుగు వెనక్కి, కెమెరా వైపు జరిగాడు. మళ్లీ నాకు అడ్డొచ్చిన గమ్ఛాని చూసి, అప్పలరాజు వేలు అలవాటుగా సిద్ధమైంది. ప్రబీర్ గమ్ఛా వదిలేశాడు, అతను నొక్కేశాడు. ముగ్గురం తలలు దగ్గర పెట్టి చూశాం. గమ్ఛా గళ్లలో దారం పోగులు కనిపిస్తున్నాయి. వెనక నా మొహం ఇడ్లీ పాత్ర మూత తీసినప్పటి ఆవిరిలా ఉంది.

మొదట అర్థమైంది ప్రబీర్‌కే. గమ్ఛా చేతిలోకి తీసుకుని నా మొహానికి ఆనించాడు, దూరం జరిగాడు, మళ్లీ ఆనించాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "దీదీ, మా పెళ్లిలో ఆకులు మొహం మీదే ఉంటాయి. మీ తెర ఎంత దూరంలో ఉంటుంది?"

అంతే సంగతి. తమలపాకులు మొహానికి అంటుకునే ఉంటాయి. కెమెరా ఆకుల్ని పట్టుకుంటే మొహాన్ని పట్టుకున్నట్టే. మన అడ్డుతెర అలా కాదు, ఇద్దరి మధ్యా పట్టుకుంటారు. పెళ్లికొడుకు భుజం మీంచి చూసే కెమెరాకి ముందు తెర, బారెడు వెనక పెళ్లికూతురు. పాత కెమెరాతో అప్పలరాజు లెన్సు రింగు చేత్తో తిప్పి మొహం మీద కుదుర్చుకునేవాడు కాబట్టి ఈ చిక్కు రాలేదు. కొత్తదాన్ని బెంగాలీ పెళ్లిళ్లలో నమ్మడం నేర్చుకుని, అదే నమ్మకంతో తెలుగు పెళ్లిలో నిలబడ్డాడు. కెమెరా పాపం దొరికిన తెరనే పట్టుకుంది, అది దిగాక మొహాన్ని వెతుక్కుంది, ఈలోగా క్షణం అయిపోయింది. ఇలాంటి తప్పు రెండు రకాల పెళ్లిళ్లు చేసే మా ఊరి మనిషికే సాధ్యం. పెద్దబాబు గమ్ఛాని ఆకుల్లా పట్టుకోవడమే నేర్పాడు, నేనూ అన్నాళ్లూ అలాగే పట్టుకున్నాను. అడ్డుతెర వెనక కూర్చుని పెళ్లి చేసుకున్నదాన్ని, నాకే తట్టలేదు చూడండి.

ఇక మందు సులువే. తెర కట్టకముందే పెళ్లికూతురి మొహం మీద కెమెరా కుదుర్చుకోవాలి. కుదిరాక ఆ వెతుకులాట ఆపేసే మీట నొక్కాలి. ఆ తర్వాత కాలు కదపకూడదు. ఆ సాయంత్రమంతా కౌంటర్ ముందు అదే పని. ప్రబీర్ గమ్ఛా చాచి పట్టుకోవడం, వదలడం, అప్పలరాజు నొక్కడం. చేపలు కొనుక్కుని పోయేవాళ్లు సంచులతో నిలబడి చూశారు. టోటోవాళ్లు తమ బ్యాటరీ రిక్షాలు ఆపారు. నాకు మొహం నొప్పి పుట్టింది. చివరికి వరసగా అన్నీ చక్కగా వచ్చాక, ప్రబీర్ గమ్ఛాని మడతపెట్టి తండ్రి పెట్టే చోటే పెట్టాడు.

ఆదివారం

ఆ పెళ్లికి నన్నూ పిలిచారు. పెళ్లికూతురి తండ్రికి నేను ముందే చెప్పాను, విశాఖ నుంచి ఎవరినీ పిలవొద్దు, అప్పలరాజు ఫొటో పోతే నన్నడగండి అని. అంటే నా మాట కూడా ఆ తెర మీదే వేలాడుతోంది. పీటల ముందు వరసలో కూర్చున్నాను. అప్పలరాజు తెర కట్టకముందే వచ్చి పెళ్లికూతురి ఎదుట నిలబడ్డాడు. కెమెరా కుదుర్చుకున్నాడు, మీట నొక్కాడు. పంతులుగారు పక్కకు జరగమన్నా కదల్లేదు. తెర దిగింది. వేళ్లు జీలకర్ర బెల్లంతో తలల మీద ఉన్నాయి. అతను నొక్కాడు, చూసుకున్నాడు. జనంలో నన్ను వెతికి తలూపాడు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి, పక్కావిడ పెళ్లికూతురి కోసమనుకుని తన రుమాలిచ్చింది.

రెండురోజుల తర్వాత ఆ ఫొటో పెద్దది చేయించి కొట్టుకు తెచ్చాడు. పెళ్లికూతురి కళ్లు, వాటిలో ఆశ్చర్యం, ముందు సగం దిగిన తెర పొగలా. ప్రబీర్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత స్టూలెక్కి, రేటు కలుపుతామన్న బోర్డు తానే విప్పి, ఆ మేకుకే ఈ ఫొటో తగిలించాడు. కింద చిన్న అట్ట మీద మూడు భాషల్లో రాయించాడు: ఎక్కడ కొన్నా సరే, గమ్ఛా ఇక్కడ. కవర్లమ్మే మనిషి మళ్లీ వస్తే టీ ఇచ్చి పంపేశాడు.

ఆ పూజకు మా సందు చూడాలి మీరు. షోరూము పెట్టెలు పట్టుకుని జనం మా కౌంటర్ ముందు వరస కట్టారు. గమ్ఛాకు మేము ఏమీ తీసుకోలేదు. కానీ అక్కడిదాకా వచ్చినవాళ్లు బ్యాటరీ, ఫ్లాష్, లెన్సు, సంచి మా దగ్గరే తీసుకునేవాళ్లు. ఈ వ్యాపారంలో మిగిలేది వాటిలోనే. కొన్నాళ్లకు కెమెరా కూడా మా దగ్గరే కొనడం మొదలుపెట్టారు. ఫోన్ తీసి రేటు చూపించేవాళ్లు తగ్గిపోయారు. నరేశ్ క్యాంపస్ నుంచి ఒక్కోసారి ఒక్కో గుంపుని వెంటబెట్టుకొచ్చేవాడు, నా తెలుగుని వాళ్లకు అనువదించి చెప్పేవాడు, ఏదో నాది తెలుగు కానట్టు.

అష్టమినాడు షోరూము మేనేజరే వచ్చాడు, ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు. మా కస్టమర్లు మా పెట్టెలతో మీ ముందు ఎందుకు నిలబడుతున్నారని అడిగాడు. గమ్ఛా ఒక కొస అతని చేతికిచ్చాను. మంచి మనిషి, నవ్వి పట్టుకున్నాడు. నాలుగైదుసార్లు వేశాక, మా దగ్గర చేరతారా మేడం, ఏసీ ఉంటుంది, కుర్చీ కూడా ఉంటుందన్నాడు. కుర్చీ మాట విని ఒక్క క్షణం మనసు లాగింది, అబద్ధమెందుకు. "వొద్దు బావూ. మీ రేటు మేము కలిపీగలం. మా గమ్ఛా మీరు కలపలేరు" అన్నాను. ప్రబీర్ వెనక నుంచి విన్నాడు. ఆ రోజు కొట్టు మూసేదాకా అతని మొహాన నవ్వు చెరగలేదు.

ఆ షోరూములో కెమెరాల గోడ ఇప్పుడు లేదు, అక్కడ మిక్సీలు పెట్టారు. నాకు గర్వం లేదని చెప్పను. టోటో ఎక్కి అటుగా రెండుసార్లు పోయి చూసి వచ్చాను.

చివరి రోజు

అమ్మాయిలూ, మీకు చెప్పాల్సింది దాదాపు అయిపోయింది. దేన్ని తీస్తారని అడగండి. అద్దాలకు తాళం వేయకండి. వేరేచోట కొన్నవాళ్లను చులకనగా చూడకండి, ఎదుటివాడి పెట్టె తెరిచినప్పుడే నేను అన్నిటికంటే ఎక్కువ నేర్చుకున్నాను. పెద్దవాళ్లు నేర్పిన పద్ధతిని గౌరవించండి, అప్పుడప్పుడు ఒక అడుగు వెనక్కి జరిగి కూడా చూడండి. గమ్ఛా శనివారం ఉతకండి.

నేను పని మానేసిన రోజు సాయంత్రం ఇంటికి పోదామని సంచి తీసుకుంటుంటే ప్రబీర్ అడ్డొచ్చాడు. కౌంటర్ ఇవతలికి రా దీదీ అన్నాడు. అన్నాళ్లలో నేను కౌంటర్ ముందు వైపు నిలబడ్డది తక్కువే. చూద్దును కదా, సందు నిండా ఫొటోగ్రాఫర్లు. మన కాలనీలవాళ్లు, బెంగాలీలు, నరేశ్ తెచ్చిన పిల్లలు, నేను కెమెరా అమ్మినవాళ్లు, అవతల కొంటే నేను సరిచేసి పంపినవాళ్లు. చేపల వరసవాళ్లు గంపలు పక్కకు జరిపి దారిచ్చారు. అందరి చేతుల్లోనూ కెమెరాలు, అన్నీ నా వైపే. అప్పలరాజు ముందున్నాడు. "కదలకు అప్పా. కెమెరా నీ మొకం మీద పెట్టీసినాను" అన్నాడు.

అప్పుడు ప్రబీర్ ఒక కొస, ఆ షోరూము మేనేజరు ఇంకో కొస పట్టుకుని నా ముందు గమ్ఛా ఎత్తారు. ఆకుల్లా కాదు, బారెడు దూరంలో, అడ్డుతెరలా. ఎర్ర గళ్ల అవతల ఏముందో నాకు కనిపించలేదు. అలవాటు చావదు కదా, ఒరే ఎవరూ కాళ్లు కదపకండి అని అరవబోయాను. ఈలోగా వదిలేశారు.

ఆ ఫొటో ఇప్పుడు కొట్టులో పెళ్లికూతురి ఫొటో పక్కన ఉంది. రోజూ మీరు దాని కిందే నిలబడతారు. అందులో నా నోరు తెరిచి ఉంది, కళ్లు తడిగా ఉన్నాయి, ముక్కుపుడక మెరుస్తోంది. గమ్ఛా మసగ్గా ఉంది, నేను స్పష్టంగా ఉన్నాను.